లాయంలో ఇరుగుపొరుగు

మేడ్చల్, శామీర్‌పేట వైపు స్థలం కొనడానికి వెళ్లేవాళ్లు నీళ్లున్నాయా, రోడ్డుందా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని ముందుగా ఆరా తీస్తారు. అవన్నీ అయ్యాక కాస్త గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న అడుగుతారు... పక్కవాళ్లు ఎలాంటివాళ్లండీ అని! ఇల్లు ఎంత బాగున్నా పొరుగు కుదరకపోతే మనశ్శాంతి ఉండదు మరి. అదే దారిలో, పొలాల మధ్య ప్రహరీగోడల వెనక ఉన్న గుర్రాల లాయాల్లోనూ సరిగ్గా ఇదే చిక్కు. తేడా ఒక్కటే. పక్క గదిలో ఎవరుండాలో గుర్రాన్ని ఎవరూ అడగరు. నచ్చకపోతే ఇల్లు మారిపోయే వీలూ దానికి లేదు.

రౌతు కొద్దీ గుర్రం అన్నారు పెద్దలు. ఆ మాట నిజమే కానీ, లాయంలో కొన్నాళ్లు పనిచేసిన ఎవరికైనా ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. గుర్రం తినడం, పడుకోవడం, చెప్పిన మాట వినడం, చివరికి వీపు మీద కూర్చున్న పిల్లవాడు భద్రంగా కిందికి దిగడం... ఇవన్నీ చాలావరకు దాని పక్క గదిలో ఏ గుర్రం ఉందన్న దానిమీద ఆధారపడి ఉంటాయి.

ద్రాక్షతోటలు పోయి...

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూముకుంట దాటితే శామీర్‌పేట వస్తుంది. సుచిత్ర, కొంపల్లి మీదుగా నాగపూర్ రహదారిలో వెళితే మేడ్చల్. ఈ రెండు దారుల్నీ పైన ఔటర్ రింగ్ రోడ్డు కలుపుతుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలకు పెద్దపేరు. పందిళ్ల కింద అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడుతుండేవి. బోర్లలో నీళ్లు అడుగంటాయి, భూముల ధరలు ఆకాశానికంటాయి. పందిళ్లు పోయి వెంచర్లు, రిసార్టులు, ఫామ్‌హౌసులు వచ్చాయి. శామీర్‌పేట చెరువు, జవహర్ జింకల పార్కు చూడ్డానికి ఆదివారాలు కార్లు బారులు తీరడం మొదలైంది. ఆ మార్పుతోపాటే గుర్రాలూ వచ్చాయి. కొన్ని పిల్లలకు స్వారీ నేర్పే చోట్లకి, కొన్ని ముచ్చటపడి పెంచుకునేవాళ్ల తోటల్లోకి, కొన్ని పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చేవాళ్ల కొట్టాల్లోకి.

వాటి పుట్టుపూర్వోత్తరాలు ఒక్కతీరుగా ఉండవు. పరుగు పందేలనుంచి తప్పించిన థరోబ్రెడ్‌లు కొన్ని. హైదరాబాద్‌లో పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించారు. పందెం గుర్రానికి చిన్నవయసు నుంచే విడిగదిలో ఉండటం అలవాటు. రాజస్థాన్, గుజరాత్ జాతులైన మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు ఇంకొన్ని. కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకేలా ఉండే చెవులు వాటి గుర్తు. ఇవిగాక పిల్లల కోసం పొట్టి గుర్రాలు. భాష, యాస, అలవాట్లు వేరువేరుగా ఉన్న మనుషులంతా ఒకే అపార్ట్‌మెంట్‌లో చేరినట్టు, ఈ గుర్రాలన్నీ ఒకే కప్పు కిందికి చేరతాయి.

కౌటిల్యుడికీ తెలుసు

ఏ గుర్రం పక్కన ఏది ఉండాలన్నది ఈనాటి ప్రశ్న కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి బాధ్యతలు చెప్పే అధ్యాయం ఉంది. లాయం వెడల్పు గుర్రం పొడవుకి రెట్టింపు ఉండాలనీ, ఒక్కోదానికి విడిగా చోటు, నున్నటి చెక్కల నేల, మేత తొట్టి ఉండాలనీ అందులో రాశారు. ఆడ గుర్రాల్నీ, విత్తన గుర్రాల్నీ, పిల్లల్నీ వేరువేరు చోట్ల ఉంచాలన్నదీ ఆ అధ్యాయంలోదే. ఇంకా విచిత్రమేమంటే, లాయంలో కోతులు, నెమళ్లు, చుక్కల జింకలు, ముంగిసలు, చకోరాలు, చిలుకలు, గోరువంకలు తిరుగుతుండాలట! గుర్రాన్ని ఒంటరిగా నాలుగు గోడల మధ్య వదలకూడదన్న ఎరుక అప్పటికే ఉందన్నమాట.

మన భారతంలోనూ విరాటరాజు కొలువులో గుర్రాల్ని చూసుకునే పని నకులుడిది. తిక్కన భారతం చదివినవాళ్లకి అతని మారుపేరు దామగ్రంథి గుర్తుండే ఉంటుంది. అశ్వాల మనసు తెలిసినవాడనే అతనికి పేరు.

శామీర్‌పేట దారిలోనే ఉన్న బొల్లారానికీ గుర్రాలతో పాత చుట్టరికం ఉంది. నిజాం ఖర్చుతో, ఆంగ్లేయ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి అది ముఖ్యమైన స్థావరం. ఆ సైన్యపు అశ్వదళాల వారసత్వమే తర్వాతి డెక్కన్ హార్స్. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర గుర్రాల మీద దూకింది ఆ దళమే. ఇప్పుడది యుద్ధట్యాంకుల రెజిమెంటు. ఆ రోజుల్లో అశ్వదళాల్లో గుర్రాలకు గదులు తక్కువ. వరసలుగా కట్టేసేవారు. తలవైపు తాడు అగాడి, వెనక కాళ్ల తాడు పిచాడి. మధ్య గోడ ఉండదు కాబట్టి పక్కనున్న గుర్రాన్ని చూడొచ్చు, వాసన పట్టొచ్చు. పిచాడి ఉంది కాబట్టి వెనక్కి తన్నడం మాత్రం కుదరదు. పొరుగు కనిపించాలి కానీ దెబ్బ తగలకూడదు... ఈ రెంటినీ కుదర్చడమే అప్పుడూ ఇప్పుడూ లాయం కట్టేవాళ్ల ముందున్న పని.

ఒకటి నిద్రపోతే ఒకటి కాపలా

ఇంతకీ గుర్రానికి పొరుగు మీద అంత పట్టింపు ఎందుకు? అది వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. బయట స్వేచ్ఛగా ఉన్నప్పుడు మందలో బతుకుతుంది. రోజులో పద్నాలుగు, పదహారు గంటలు మేస్తూనే ఉంటుంది. నిద్ర మొత్తం కలిపి మూడు గంటలకు అటూ ఇటూ. అందులో చాలాభాగం నిలబడే కునుకు తీస్తుంది. కానీ కలలొచ్చే గాఢనిద్ర పట్టాలంటే మాత్రం పడుకోవాల్సిందే. రోజుకి అరగంట నుంచి గంటసేపు అలాంటి నిద్ర దానికి అవసరం. మందలో కొన్ని పడుకుంటే కనీసం ఒకటి నిలబడి చుట్టూ గమనిస్తుంటుంది.

లాయంలో ఆ కాపలాదారు పక్కగది గుర్రమే. దానిమీద నమ్మకం కుదిరితే నడుం వాలుస్తుంది. కుదరకపోతే రాత్రంతా నిలబడే ఉంటుంది. చాలారోజులు అలా గడిస్తే నిలబడ్డచోటే తూలి ముందుకాళ్ల మీద కూలబడుతుంది. మోకాళ్ల దగ్గర, గిట్టలపైన మానని గాయాలు కనబడితే అనుభవజ్ఞులు ముందు ఇదే అనుమానిస్తారు. ఉదయం ఒంటికి గడ్డిపరకలూ రంపపు పొట్టూ అంటుకుని ఉంటే సైసులు సంతోషిస్తారు. రాత్రి అది పడుకుందనడానికి అదే రుజువు!

పక్కనున్నది ఎవరో గుర్రానికి బాగా తెలుసు కూడా. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక చక్కని ప్రయోగం వివరాలు ప్రచురించారు. మందలో ఒక గుర్రాన్ని ఇంకో గుర్రం ఎదుటగా నడిపించి తెరచాటుకు తీసుకెళ్లారు. కాసేపాగి అక్కడినుంచి సకిలింపు వినిపించారు. వెళ్లిన గుర్రం గొంతే అయితే మామూలుగా ఊరుకుంది. వేరే గుర్రం గొంతు వినిపించినప్పుడు మాత్రం వెంటనే తిరిగి అటే చాలాసేపు చూసింది. వెళ్లిందొకటి, పిలిచింది ఇంకొకటా అన్నట్టు! రూపాన్నీ గొంతునీ కలిపి ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకుంటుందన్నమాట.

చెవులు చెప్పే కబుర్లు

రెండు గుర్రాలకు పొత్తు కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే చెవులు చూస్తే చాలు. ముందుకు నిక్కించి ఉంటే ఆసక్తి. పక్కకి వదులుగా వాలి ఉంటే నిమ్మళం. వెనక్కి మెడకి అంటుకుపోయాయంటే కోపం. ఆ తర్వాత వరసగా పళ్లు చూపించడం, మెడ సాచి కొరకబోవడం, పిరుదులు అటు తిప్పి గోడని తన్నడం. కొత్తగా కలిసినప్పుడు ముక్కూ ముక్కూ ఆనించి ఊపిరి పీల్చుకుంటాయి. వెంటనే ఒకటి కీచుమని అరిచి ముందుకాలు విసురుతుంది. చూసేవాళ్లకి గుండె జారుతుంది కానీ చాలాసార్లు అది పరిచయంలో భాగమే. కాసేపట్లో సర్దుకుంటే భయపడనక్కర్లేదు. రోజుల తరబడి సాగితేనే గది మార్చాలి.

స్నేహం ముదిరిందనడానికి ఇంకో గుర్తు ఉంది. రెండూ ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపుని ఇంకోటి పళ్లతో గోకుతుంటాయి. ఇది దురద తీర్చుకోవడం ఒక్కటే కాదు. 1993లో ఫ్రాన్స్‌లోని కామార్గ్ గుర్రాల మీద జరిగిన పరిశోధనలో, మెడ కిందిభాగాన మూపు దగ్గర అలా గోకితే గుర్రం గుండెవేగం తగ్గుతుందని తేలింది. వేరేచోట గోకితే ఆ ఫలితం రాలేదు. స్వారీ అయ్యాక గుర్రాన్ని మెచ్చుకోవడానికి మెడమీద చరిచేకంటే మూపు దగ్గర మెల్లగా గోకడం దానికి ఎక్కువ ఇష్టమని చెప్పేది ఇందుకే.

పెత్తనం సంగతికొస్తే, పెద్దగా కనిపించేదే పెద్దరికం చేస్తుందనుకుంటే పొరపాటు. వయసు, ఆ చోట ఎన్నాళ్లుగా ఉంటోందన్నది, స్వభావం... ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. బక్కపల్చటి ముసలి ఆడగుర్రం ఒకటి కళ్లెర్రజేస్తే ఎత్తయిన పందెం గుర్రం వెనక్కి తగ్గడం లాయాల్లో మామూలే.

దాణా వేళ తగాదాలు

పొరుగు పోట్లాటలు ఎక్కువగా జరిగేది దాణా వేళే. తొట్టెల చప్పుడు వినగానే లాయమంతా హడావుడి. ఉలవలు, ఓట్లు, తవుడు ఎవరికి ముందు పడితే వాళ్లమీద మిగతావాటికి గుర్రు. తలుపులు తన్నడం, చెక్కలు కొరకడం మొదలు. మందలో అయితే బలమైన గుర్రం వస్తే బలహీనమైనది పక్కకి తప్పుకుంటుంది. గదిలో తప్పుకోవడానికి చోటేదీ? గోడ అవతల నుంచి పళ్లు చూపించినా చాలు, బెదురు గుర్రం తొట్టి దగ్గరికి రాదు. యజమానేమో ఇది సరిగ్గా తినడంలేదని మందుల కోసం తిరుగుతుంటాడు!

దీనికి ఖర్చులేని ఉపాయాలున్నాయి. పక్కపక్క గదుల తొట్టెల్ని ఒకే గోడకి అటూ ఇటూ కాకుండా, ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా పెట్టాలి. తొట్టి ఉన్న మూల గోడ నిండుగా ఉండాలి. మిగతాచోట పైభాగం ఊచలతో తెరిచి ఉండాలి. అప్పుడు తినేటప్పుడు చాటు, మిగతా వేళల్లో మాటామంతీ. దాణా అన్నిటికీ వీలైనంత ఒకేసారి పడాలి. అంతకుముందే కాస్త ఎండుగడ్డి వేస్తే ఆకలి తొందర తగ్గుతుంది. ఊచల గోడతో ఇంకో లాభం, గాలి ఆడుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో నాలుగువైపులా మూసేసిన గది కొలిమిలాంటిది.

విత్తన గుర్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెళ్లి ఊరేగింపులకు వాడే గుర్రాల్లో విత్తులు తీయించనివి చాలా ఉంటాయి. వాటి పక్కనే ఎదకొచ్చిన ఆడగుర్రం ఉంటే ఎవరికీ నిద్ర ఉండదు. కౌటిల్యుడు వేరువేరు చోట్ల అన్నది ఊరికే కాదు. ఆ రెంటి మధ్య విత్తులు తీయించిన, నెమ్మదైన గుర్రాన్ని ఉంచడం లాయాల్లో వాడే చిట్కా. పేచీకోర్లు ఇద్దరి మధ్య పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు!

గోడ కూల్చారు... పందెం గెలిచారు

పక్కన ఎవరూ కనబడని గుర్రం ఏం చేస్తుంది? తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి తలని అటూ ఇటూ ఊపుతుంది. గదిలో గిరగిరా తిరుగుతుంది. తలుపు అంచుని పళ్లతో పట్టుకుని గాలి గుటకలు వేస్తుంది. చూసేవాళ్లు డాన్స్ చేస్తోందని నవ్వుకుంటారు కానీ అది ఆట కాదు, బాధ. ఇలా గాలి మింగే గుర్రాన్ని చూసి మిగతావీ నేర్చుకుంటాయన్న భయంతో దాన్ని ఇంకా దూరంగా, ఒంటరిగా కట్టేసేవాళ్లున్నారు. చూసి నేర్చుకుంటాయనడానికి గట్టి ఆధారాల్లేవు. ఒకే లాయంలో ఎక్కువ గుర్రాలకు ఈ అలవాటుంటే, వాటన్నిటికీ ఒకేరకం ఇబ్బంది ఉందేమో చూసుకోవాలి. ఒంటరిని ఇంకా ఒంటరిని చేస్తే ఆ అలవాటు ముదురుతుంది.

ఇంగ్లండ్‌లోని లింకన్‌లో 2000లో వెలువడిన పరిశోధన ఈ విషయాన్నే చూపించింది. తల ఊపే గుర్రాలున్న గదుల గోడలకు పక్కగది కనిపించేలా కిటికీలు పెట్టగానే ఊపడం బాగా తగ్గింది. రెండేళ్ల తర్వాత గదిలో అద్దం పెట్టి చూశారు. తన ప్రతిబింబాన్నే తోడనుకుందో ఏమో, అప్పుడూ తగ్గింది. స్విట్జర్లాండ్ ఇంకో అడుగు ముందుకేసి 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లో, గుర్రానికి ఇంకో గుర్రం కనబడాలి, వినబడాలి, వాసన తెలియాలి అని రాసుకుంది.

ఈ పరిశోధనలేవీ లేని రోజుల్లోనే అమెరికాలో ఒక శిక్షకుడు ఆ సంగతి కనిపెట్టాడు. ఆయన పేరు టామ్ స్మిత్. 1936లో ఆయన చేతికొచ్చిన సీబిస్కెట్ అనే గుర్రం తిండి తినేది కాదు, గదిలో తిరుగుతూనే ఉండేది. తోడుగా ముందు ఒక మేకను పెట్టారు. సీబిస్కెట్ దాన్ని నోటకరుచుకుని తలుపు మీంచి బయటికి విసిరేసింది! తర్వాత పంప్‌కిన్ అనే నెమ్మదైన పాత గుర్రాన్ని తెచ్చి, రెండు గదుల మధ్య గోడ తీయించారు. ఆ రెండూ జీవితాంతం నేస్తాలయ్యాయి. 1938 నవంబరు 1న అప్పటి మేటి గుర్రం వార్ అడ్మిరల్‌ని సీబిస్కెట్ ఓడించడం గుర్రప్పందేల చరిత్రలో పెద్ద ముచ్చట. ఆ గెలుపులో పక్కగది పంప్‌కిన్‌కీ వాటా ఉంది.

అతి చనువూ తంటాయే

అలాగని ఏ రెంటినో విడదీయలేనంతగా కలిపేసినా కష్టమే. ప్రాణస్నేహితుల్లో ఒకదాన్ని స్వారీకి తీసుకెళితే లాయంలో మిగిలింది సకిలిస్తూ, చెమటలు కక్కుతూ తిరుగుతుంది. బయటికి వెళ్లినదేమో గేటు దాటనని మొరాయిస్తుంది, లేదా ఇంటివైపు తిరగగానే పరుగందుకుంటుంది. పైన ఉన్నది నేర్చుకుంటున్న పిల్లవాడైతే ప్రమాదం. అందుకే ఎప్పుడూ ఒకే జతను అంటిపెట్టి ఉంచకుండా, మూడు నాలుగింటితో చనువు కలిగేలా చూడాలి. ఒకటి బయటికెళ్లినా కళ్లముందు ఇంకోటి ఉంటే ఆందోళన తగ్గుతుంది.

పొరుగునుంచి వచ్చేది స్నేహమొక్కటే కాదు, జబ్బులు కూడా. గొంతు గ్రంథులు వాచి చీముపట్టే స్ట్రాంగిల్స్, మనుషులకీ సోకగల గ్లాండర్స్ లాంటివి ముక్కు స్రావాల ద్వారా, ఉమ్మడి నీటి తొట్టెల ద్వారా పాకుతాయి. గ్లాండర్స్ వచ్చిందని అనుమానమొస్తే పశుసంవర్థక శాఖకి తెలియజేయడం తప్పనిసరి. కాబట్టి కొత్తగా కొన్న గుర్రాన్ని తేగానే పాతవాటి పక్కన కట్టకూడదు. రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. అప్పుడు కూడా దూరంగానైనా ఇంకో గుర్రం కంటికి కనబడుతుంటే మంచిది. ఆ గడువయ్యాక ముందు గోడ అవతల నుంచి పరిచయం, ఆ తర్వాతే కలిపి బయట వదలడం.

ఒక్కటే కొంటే...

ఈ శివార్లలో ఎక్కువగా కష్టపడేది లాయాల్లో గుర్రాలు కాదు, ఒంటరి గుర్రాలు. పాప ముచ్చటపడిందనో, తోటకి అందమనో ఒక గుర్రాన్ని కొంటారు. ఆదివారం కుటుంబమంతా వస్తుంది. ఫొటోలు, క్యారెట్లు, కేరింతలు. సోమవారం నుంచి శనివారం దాకా దానికి కాపలాదారు తప్ప ఎవరూ ఉండరు. మేతకు లోటుండదు, పశువైద్యుడూ వచ్చి చూసిపోతాడు. అయినా అది చిక్కిపోతుంది, చిరాకుపడుతుంది, కరుస్తుంది. పొగరెక్కిందంటారు, అమ్మేస్తారు. నిజానికి దానికి కావాల్సింది ఇంకో గుర్రం. రెండిటిని పోషించే స్తోమతు లేకపోతే గుర్రాలున్న లాయంలో ఉంచి నెలకింత ఇవ్వడం మేలు. మేకో, గాడిదో తోడు పెడితే కొన్ని గుర్రాలు సర్దుకుంటాయి. అయితే అది లేనిదానికన్నా నయమే కానీ సాటి గుర్రంతో సమానం కాదు.

పిల్లల్ని స్వారీకి చేర్పించాలనుకునే తల్లిదండ్రులకీ ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి. ఫీజు అడిగేముందు పది నిమిషాలు లాయం నడవలో నిలబడండి. గుర్రాలు ఒకదాన్నొకటి చూసుకునే వీలుందా? తలలు ఊపుతున్నవి ఎన్ని? గోడల మీద గిట్టల దెబ్బలు, ఒంటిమీద పళ్లగాట్లు తాజాగా ఉన్నాయా? రోజులో కాసేపైనా కలిపి బయట వదులుతారా? దాణా వేళ అయితే మరీ మంచిది. అప్పుడు గొడవ తక్కువున్న చోట గుర్రాలకి కడుపూ మనసూ నిండుతున్నాయని అర్థం. అలాంటి గుర్రం వీపు మీద మీ పిల్లలూ నిశ్చింతగా ఉంటారు.